చూపుడువేలి గోరు

"ఒక్క గోరు కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు రఘు, అడుగంటిన కుక్కర్ సింక్‌లో పెడుతూ. పెట్టాడు, అంతే. మా ఆయన లెక్కలో సింక్‌లో పెట్టిన గిన్నెలు వాటంతటవే శుభ్రమవుతాయి.

ఒక్క గోరే. కుడిచేతి చూపుడువేలిది. నేను నేర్చుకుంటున్నది సొరబుర్రకి తోలు బిగించి చేసే పాతకాలపు బాంజో. అమెరికాలో బానిసలుగా బతికిన ఆఫ్రికా మనుషులు తమ ఊళ్ళ వాయిద్యాలను గుర్తుచేసుకుని చేసుకున్నది. వాళ్ళ కష్టం పక్కన నా గిన్నెల కష్టం పెట్టేంత సిగ్గులేనిదాన్ని కాను. కానీ ఆ పాటలు వింటే నాకు కూర్చోబుద్ధి కాదు. దాని తీగను గోటి వీపుతో పైనుంచి కిందికి కొట్టాలి. గోరు లేకపోతే పాట లేదు.

పెళ్ళికి ముందు పదేళ్ళు వీణ నేర్చుకున్నాను. ఇంగ్లండ్‌లోని ఈ బేసింగ్‌స్టోక్ వచ్చేటప్పుడు విమానంలో సామాను బరువు ఎక్కువైందని వీణ ఆగిపోయింది, వెట్ గ్రైండర్ ఎక్కింది. రెండేళ్ళ క్రితం కమ్యూనిటీ హాల్లో ఓ రిటైర్డ్ నర్సు ఒళ్ళో ఆ సొరబుర్ర చూసి, వీణ బుర్ర గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయాను. ఇప్పుడు ఆవిడే మా టీచరు.

పోయినేడు మా బాంజో క్లాసు ప్రోగ్రాంకి రెండు రోజుల ముందు, రఘు ఆఫీసు వాళ్ళకి భోజనాలు పెట్టి, ఇదే కుక్కర్ తోముతూ గోరు విరగ్గొట్టుకున్నాను. గ్లవ్స్ వేసుకునే తోమాను, గ్లవ్ లోపలే విరిగింది. "పిండి కలిపే చేతికి గోళ్ళేమిటమ్మా దుర్గా?" అన్నారు మా అత్తగారు వీడియో కాల్‌లో. "పోనీలే, ఆ పాటలు ఎవడు వింటాడు?" అన్నాడు రఘు. నేనూ ఎనిమిది గంటలు ఉద్యోగం చేసి వచ్చేదాన్నే. ప్రోగ్రాం రోజు ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చాను.

ఈసారి ఆ పప్పులుడకవు.

"శనివారం ప్రోగ్రాం అయ్యేదాకా నేను సింక్‌లో చెయ్యి పెట్టను," అన్నాను.

"మరి గిన్నెలు?"

"డాడ్, గ్లవ్స్ ఆర్ అండర్ ద సింక్," అంది మా సిరి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. తొమ్మిదేళ్ళుగా అవి అక్కడే ఉన్నాయని ఆయనకి ఆ రోజే తెలిసింది.

శనివారం వాయించాను. మధ్యలో మూడో చరణం మర్చిపోయి మళ్ళీ మొదటిదే అందుకుంటే, హాలంతా కాళ్ళతో తాళం వేసింది. ఎంత ఆనందమో! నవ్వుతూనే వాయించాను. వెనక వరసలో రఘు అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. పిచ్చి మొహం, ముద్దొచ్చాడు.

ఇంటికి రాగానే సొరుగులోంచి నెయిల్ కట్టర్ తీసి ఇచ్చాడు. "అదరగొట్టావు దుర్గా. అయిపోయిందిగా, ఇక తీసేయ్. గిన్నెలు నిన్నటివి కూడా ఉన్నాయి."

తీసుకున్నాను. సోఫాలో తీరిగ్గా కూర్చుని ఎడమచేతి గోళ్ళు అయిదూ కత్తిరించుకున్నాను. తీగ నొక్కే వేళ్ళు, వాటికి గోళ్ళు ఉండకూడదు. కుడిచేతి జోలికి పోకుండా కట్టర్ తిరిగిచ్చేశాను.

"బొటనవేలిది కూడా పెంచుతున్నా రఘూ. రేపు షాపుకెళ్ళినప్పుడు నీ సైజు గ్లవ్స్ తెచ్చుకో."