నికెల్ దీవి మూసుకుపోయిన ఏడాది

2024 జనవరిలో జయదేవ్ న్యూ కాలెడోనియాకు బయల్దేరేటప్పటికి అమృతకు రెండో నెల. ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ సముద్రంలో ఉన్న ఆ దీవి పేరు ఆమె అంతకుముందు వినలేదు. నూట డెబ్బై ఏళ్లుగా ఫ్రాన్స్ ఏలుబడిలో ఉందనీ, అక్కడి కొండలనిండా నికెల్ ఉందనీ అతనే చెప్పాడు. గాజువాకలో స్టీలు ప్లాంటు పొగ పీల్చి పెరిగినవాడు. టొరంటోలోని ఒక కన్సల్టెన్సీ తరఫున అక్కడి నికెల్ ప్లాంటులో ఫర్నేస్ బాగుచేయడానికి వెళ్తున్నాడు. మే నెలాఖరుకల్లా టొరంటో పక్కనే రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న ఇంటికి వచ్చేస్తానని మాట ఇచ్చాడు.

కొన్ని వారాలు గడిచాయో లేదో, ఇక నష్టాలు భరించలేమని ఆ ప్లాంటు యజమానులు చేతులెత్తేశారు. బాగుచేయడానికి వెళ్లినవాడికి ఆర్పే పని అప్పజెప్పారు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది కనక్‌లు, అంటే ఆ దీవి మూలవాసులు. ఒకపక్క ఉద్యోగాలు పోతున్నాయి. ఇంకోపక్క, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో మరింతమందికి ఓటు ఇచ్చే చట్టం పారిస్‌లో తయారవుతోంది. అది వస్తే సొంతగడ్డ మీద తమ మాట చెల్లదని వాళ్లు రగిలిపోతున్నారని జయదేవ్ ఫోన్‌లో చెప్పేవాడు.

అమృతకు ఆ బాధ పరాయిదిగా అనిపించలేదు. ఆమెది హన్మకొండ. చదువుకునే రోజుల్లో తెలంగాణ కోసం రాస్తారోకోల్లో కూర్చుంది, వంటావార్పుల్లో నడిరోడ్డు మీద అన్నం వడ్డించింది.

"వాళ్లు అడిగేది న్యాయమే గదా" అంది.

మే నెల మధ్యలో అక్కడి రాజధాని నూమేయా తగలబడింది. దుకాణాలు కాలిపోయాయి, మనుషులు చనిపోయారు. సైన్యం దిగింది, కర్ఫ్యూ పెట్టారు, విమానాశ్రయం మూసేశారు. ఎక్కడికక్కడ రోడ్లకు అడ్డంగా దుంగలు, కాలిన కార్లు. ఉత్తరాన ప్లాంటు దగ్గర ఉండటంతో జయదేవ్‌కు ప్రాణభయం లేదు. కానీ అతని టికెట్ రద్దయింది.

ఆ వారంలోనే ఇంటినుంచే ఆఫీసు వీడియో మీటింగ్‌లో ఉండగా అమృతకు రక్తస్రావం మొదలైంది. పక్కింటి సుగుణ ఆంటీ కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. మాయ విడిపోతోందనీ ఇక ఆగడానికి లేదనీ చెప్పి డాక్టర్లు ఆపరేషన్ చేశారు. ఆరో నెలలోనే పుట్టిన ఆడపిల్ల. ఒళ్లంతా గొట్టాలు. చర్మం ఎంత పల్చగా ఉందంటే, ముట్టుకుంటే చిరుగుతుందేమోనని అమృత వేలు వెనక్కి తీసుకుంది.

ఫోన్‌కు వచ్చిన పాప ఫొటో చూడగానే జయదేవ్ ప్లాంటు వాళ్ల ట్రక్కు తీసుకుని విమానాశ్రయానికి బయల్దేరాడు. అడ్డం పెట్టిన ప్రతిచోటా దిగి, ఫోన్‌లో పాప ఫొటో చూపించి బతిమాలాడు. ఒకచోట కుర్రాళ్లు కదలనివ్వలేదు. పక్కనే పొయ్యి మీద కందదుంపలు ఉడికిస్తున్న ఒడెట్ అనే కనక్ ఆవిడ వచ్చి ఫొటో చూసింది. ఆ గొడవల్లోనే ఆమె చెల్లెలి కొడుకు తుపాకి దెబ్బకు చనిపోయాడు. ఆమె ట్రక్కెక్కి అతని పక్కన కూర్చుంది. మిగతా అడ్డంకులన్నీ ఆమె మొహం చూసే తీశారు.

విమానాశ్రయం గేటు దగ్గర మాత్రం ఆమె మాట పనిచేయలేదు. లోపల మిలిటరీ విమానాలు దిగుతున్నాయి, వెళ్తున్నాయి. తమ పౌరులే ముందు అన్నారు సైనికులు. అతనిది ఇండియన్ పాస్‌పోర్ట్, చేతిలో కెనడాలో ఉండనిచ్చే పీఆర్ కార్డు. ఫోన్ చేసిన ప్రతి ఆఫీసూ ఓపిక పట్టమంది. ఒడెట్ చుట్టాలింట్లో తలదాచుకుంటూ రోజూ పొద్దున్నే వెళ్లి గేటు ముందు నిలబడ్డాడు.

పాప మెదడులో రక్తం చేరింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పి, గొట్టాలు తీసి అమృత గుండెల మీద పడుకోబెట్టారు. ఆమె వీడియో కాల్ చేసింది. బొమ్మ ఆగిఆగి వస్తోంది.

"ఫోన్ పాప చెవి దగ్గర పెట్టు" అన్నాడు జయదేవ్.

పెట్టింది. అతను ఏం చెప్పాడో అమృతకు సరిగ్గా వినబడలేదు. నాన్న అన్న మాట ఒక్కటే తెలిసింది. తర్వాత నర్సు మెల్లగా ఫోన్ తీసి పక్కన పెట్టింది.

సుగుణ ఆంటీ భర్త అనంత్ గారు దగ్గరుండి పాపను ఖననం చేయించారు. ఇంటికి వచ్చాక కూడా అమృతకు పాలు ఆగలేదు. స్నానాల గదిలో తలుపు వేసుకుని, చన్నీళ్ల గుడ్డ రొమ్ములకు అదుముకుని, గోడకు ఆనుకుని నిలబడేది. ఆంటీ బయట కూర్చుని పిలుస్తూ ఉండేది.

జూన్ చివర్లో విమానాలు తిరిగాక జయదేవ్ వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. ఇద్దరూ శ్మశానానికి వెళ్లి, గడ్డి ఇంకా మొలవని ఆ కాస్త మట్టి ముందు కూర్చున్నారు. అతను ఒడెట్ సంగతంతా చెప్పాడు.

"ఆమె మంచిదే, నేను కాదంటలేను" అంది అమృత. "కానీ ఆ రోడ్డు బంద్ పెట్టింది కూడా వాళ్లే గదా."

"రోడ్డు దాటించింది కూడా ఆవిడే అమృతా. విమానం ఎక్కనివ్వనిది ఆవిడ కాదు."

"మరి నేను ఎవర్ని తిట్టుకోవాలె?"

ఆ వేసవంతా ఒకే ఇంట్లో ఉంటూ, కూర బాగుందా, తలుపు వేశావా అన్నంతవరకే మాట్లాడుకున్నారు. ప్లాంటు పూర్తిగా మూతపడింది. జయదేవ్ టొరంటోకు గంట దూరంలో ఉన్న వాటర్లూలో వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం, యంగ్ స్ట్రీట్ బస్టాప్‌లో అమృత ఫోన్‌లో వార్త చూసింది. ఆ ఓటు చట్టాన్ని ముందుకు తీసుకెళ్లడం లేదని పారిస్ ప్రకటించింది. ఆమె రెండుసార్లు చదివి జయదేవ్‌కు ఫోన్ చేసింది.

"ఆ చట్టం వద్దనుకున్నరంట" అంది.

తెలుసన్నాడు అతను. ఒడెట్ మధ్యాహ్నమే మెసేజ్ పెట్టిందనీ, వాళ్లింట్లో ఎవరూ పండగ చేసుకోవట్లేదని రాసిందనీ చెప్పాడు.

"గదేదో ఏప్రిల్‌లనే అనుకుంటే అయిపోయేది గదా జయ్" అంది అమృత.

బస్సు వచ్చి తలుపులు తెరిచింది. డ్రైవర్ ఆమె వైపు చూశాడు. ఆమె కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. ఫోన్‌లో జయదేవ్ ఏడుస్తున్నాడు. నెలల తర్వాత మొదటిసారి ఆమె కూడా గొంతెత్తి, చుట్టూ ఎవరున్నారో చూడకుండా ఏడ్చింది.