పక్కింటి సామాను

తల్లీతండ్రీ లేని పిల్లల్ని సాకే పేద ఇళ్లకు నెలనెలా సరుకులు, బడి ఫీజులు ఇచ్చే సంస్థలో ఇళ్లు చూసి వచ్చే ఉద్యోగం ఆయనది. సాయం ఎవరికి అవసరమో గడపలోంచే చెప్పేయగలనని ఆయన ధీమా. కొత్తగా చేరినవాళ్లకు ఆ విద్య మీద పాఠాలు కూడా చెప్పాడు. తన డప్పు తనే కొట్టుకునేవాడు. ఇంకెవరూ కొట్టకపోతే ఏం చేస్తాడు పాపం!

ఆ రోజు వెళ్లిన ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్ని వాళ్ల అమ్మమ్మ అంట్లు తోమి పెంచుతోంది. లోపలికి అడుగుపెట్టగానే ఆయన కళ్లు పని మొదలెట్టాయి. నాలుగు కుర్చీలు, టేబుల్ ఫ్యాను, మిక్సీ, మడత నలగని దుప్పటి. దర్జాగా ఒక కుర్చీలో కూర్చుని, ఫారం మీద "సాయం అవసరం లేదు" అని రాసి సంతకం గీకేశాడు.

అంతలో పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది.

"అయిపోయిందా పిన్నీ? మా ఆయనొచ్చే వేళయింది, కుర్చీలు పట్టుకెళ్తా. సారూ, కాస్త లేస్తారా? అదీ మాదే."

వెనకే ఇంకొకావిడ వచ్చి ఫ్యాను వైరు చుట్టడం మొదలెట్టింది. చూస్తుండగానే గదిలో ఒక చాప, నాలుగు గిన్నెలు, నోరు తెరుచుకున్న ఆయనా మిగిలారు.

"ఏంటమ్మా ఇది? లేనివి ఉన్నట్టు చూపిస్తే వచ్చే సాయం పోదూ?"

"మీరేగా బాబూ ఫోన్లో అన్నారు, పిల్లల్ని సరిగ్గా చూసుకుంటున్నానో లేదో చూడ్డానికొస్తామని! ఇల్లు బోసిగా కనబడితే ఇద్దర్నీ హాస్టలుకి పట్టుకుపోతారనుకున్నా."

అన్నాడు, నిజమే. గంభీరంగా ఉంటుందని ఆ మాట ఆయనే తయారుచేసుకుని ఇంటింటికీ అప్పజెబుతున్నాడు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లు భయపడి కుర్చీలు అరువు తెచ్చుకున్నాయో, తను ఎందరి నోటి దగ్గర కూడు లాగేశాడో! గడపలోంచే ఇంటి సంగతి చెప్పేస్తాడట మహానుభావుడు. చెప్పింది పక్కింటి సామాను గురించి. సిగ్గుతో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

చాప మీద చతికిలబడి, పాత ఫారం చింపి కొత్తది తీశాడు.

"పిల్లలు మీ దగ్గరే ఉంటారమ్మా. సరుకులూ ఫీజులూ ఇక్కడికే వచ్చేలా రాస్తాను. వాళ్లనెవరూ ఎక్కడికీ తీసుకుపోరు."

"ఇంకోసారి చెప్పండి బాబూ, వాళ్లక్కూడా వినబడేలా."

ఈసారి గట్టిగా చెప్పాడు. తలుపు చాటు నుంచి పెద్దపిల్ల బయటికి వచ్చింది, చేతిలో సర్ది పెట్టుకున్న సంచి. అందులోంచి చెల్లెలి గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది.