కుట్టే బెల్టు

నేను ఒక బెల్టును. ఆ మాట వినగానే మీరు మీ నడుము తడుముకోకండి, నేను కుక్క మెడకు కట్టే రకాన్ని. లోపలివైపు రెండు ఇనుప పళ్లు, పైన చిన్న బ్యాటరీ డబ్బా. బొత్తం నొక్కితే పళ్ల గుండా కరెంటు చురుక్కుమంటుంది. ఆ బొత్తం మాత్రం దూరంగా నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. నొప్పి ఒకరిది, బొత్తం ఒకరిది. ఈ ఏర్పాటు ఏ కుక్క చేసిందీ కాదని వేరే చెప్పాలా?

గుట్టల్లో పిట్టల వేటకు వెళ్లే కుక్కలకు బుద్ధి నేర్పడానికి నన్ను చేశారు. పిట్ట ఎగిరినా, యజమాని చెప్పేదాకా కుక్క కదలకూడదు. కువైట్‌లో ఒక దొర దగ్గర రెండేళ్లు ఆ కొలువు చేశాను. ఆయన కొత్తది కొనుక్కుని నన్ను మూలన పడేస్తే, ఆయన కారు తోలే నరసప్ప సంచిలో వేసుకుని అనంతపురం జిల్లాకు తెచ్చాడు. అతని బావ కుళ్లాయప్పకు గొర్రెల మంద ఉంది, ఆ మందకు చుక్కి అనే కుక్క ఉంది, చుక్కికి కౌజు పిట్టల పిచ్చి ఉంది.

కళ్లు తెరవకముందే తల్లి పోతే, కుళ్లాయప్ప చుక్కిని ఈనిన గొర్రె పొదుగు దగ్గర పెట్టి బతికించాడు. గొర్రెపిల్లలను అది తోబుట్టువులనే అనుకునేది. కానీ పొదలో కౌజు పిట్ట టపటపమంటే ఇక తోబుట్టువులు గుర్తుండరు. అలా పరుగెత్తిన ఒక సాయంత్రం తోడేలు ఒక పిల్లను ఎత్తుకుపోయింది.

"దీన్ని కట్టినావంటే నీ మాట దాటదు బావా," అని నరసప్ప బొత్తం చేతిలో పెట్టాడు. ఎప్పుడు నొక్కాలో చెప్పడం మరిచిపోయాడు.

మనుషులకు ఒక అలవాటుంది. ఎటో తిరగడానికి పోయిన పిల్లాడు బుద్ధిగా ఇల్లు చేరాకే వాడి వీపు విమానం మోత మోగిస్తారు. కుళ్లాయప్పా అంతే. చుక్కి పిట్ట వెంట పరుగెత్తుతున్నప్పుడు నొక్కలేదు. ఉత్త నోటితో తిరిగొచ్చి గొర్రెపిల్ల చెవి నాకుతున్నప్పుడు, "యాడికి పోయింటివే," అంటూ నొక్కాడు. నేను కుట్టాను. చుక్కి కుయ్యోమంటూ ఎగిరిపడింది. మూడు రోజుల్లో నాలుగుసార్లు ఇదే పాఠం.

చుక్కి పిట్టల జోలికి పోవడం మానలేదు, గొర్రెపిల్లల దగ్గరికి పోవడం మానేసింది. ఏ పిల్ల అరుస్తూ వచ్చినా తోక ముడుచుకుని వెనక్కి జరిగేది. నాకు సిగ్గేసింది.

సంగతి కనిపెట్టింది కుళ్లాయప్ప భార్య లింగమ్మ. "పిల్ల దగ్గర ఉన్నెప్పుడు నొక్కితివి. ఆ పిల్లే కరిచిందనుకునింది పాపం," అంది. కుళ్లాయప్ప నన్ను విప్పేశాడు. వారం గడిచినా చుక్కి మందకు దూరంగా తుమ్మచెట్టు కిందే ఉండిపోయింది.

"రేపు మంద కొత్త మేతకు కదలాల. పిల్లల దగ్గరికి రాని కుక్కతో ఏం పని? ఊర్లో ఇడిసిపెట్టి పోదాం," అన్నాడు కుళ్లాయప్ప, ముఖం పక్కకు తిప్పుకుని. పాలు తాపి బతికించినవాడు ఆ మాట అనడానికి ఎంత నలిగాడో నాకు తెలుసు.

లింగమ్మ నన్నూ బొత్తాన్నీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇడుద్దువులే. దానికేం పెట్టినావో ఒగసారి తెలుసుకోని ఇడువు."

అతను నా ఇనుప పళ్లను బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత నన్ను తన మెడకే బిగించుకున్నాడు. ఆ మెడలోనూ నాడి చుక్కి నాడిలాగే దడదడ కొట్టుకుంటోంది. బొత్తం నొక్కాడు. "అమ్మా" అంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

తుమ్మచెట్టు కింద చుక్కి లేచి నిలబడింది. అతనికీ దానికీ మధ్య డెబ్బై గొర్రెపిల్లలు. ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత వాటి మధ్యలోంచే, వాటిని ఒరుసుకుంటూ దూసుకొచ్చి, నేను కుట్టిన చోట నాకడం మొదలుపెట్టింది. వింత చూడ్డానికి పిల్లలు చుట్టూ చేరాయి. ఒకటి చుక్కి పక్కకు ఆనుకుంది. చుక్కి వణికింది కానీ జరగలేదు.

"తప్పయిపాయనే తల్లీ," అని కుళ్లాయప్ప దాని మెడ కావలించుకుని ఏడ్చాడు.

మర్నాడు మంద కదిలింది, చుక్కి పిల్లల నడుమ నడిచింది. లింగమ్మ నన్ను ముళ్ల కంచెలోకి విసిరేసింది. నాకు కోపం లేదు. నా కొలువంతటిలో ఒక్క కుట్టుతో పాఠం నేర్చుకున్న శిష్యుడు కుళ్లాయప్ప ఒక్కడే.