షిరిడీ అని చెప్పిన ప్రయాణం

నాసిక్ ద్రాక్షతోటలో రెండు రోజులు గడపాలన్నది ఉషశ్రీ ఆలోచన. ఆమె పనిచేసే బ్యాంకులోనే పనిచేసే క్రిస్టినా భర్తతో వెళ్లొచ్చింది. పొద్దున తోట చూపిస్తారట. సాయంత్రం ఐదు రకాల వైన్ గుక్కెడు గుక్కెడు పోసి రుచి చూడమంటారట. దానికి గంటన్నర పడుతుందని, అంతసేపూ బల్లకు చెరోవైపు కూర్చోవాలని క్రిస్టినా చెప్పింది. ఉషశ్రీకి కావలసింది ఆ గంటన్నరే. మార్చిలో, ఐదో నెలలో, కడుపు పోయింది. అప్పట్నించి భర్త కిరీటి ఆమెకు ఎదురుగా కూర్చోలేదు. అన్నం కూడా టీవీ ముందే.

అడిగితే సరేనన్నాడు. పటమటలోని ఆ ఇంట్లో అత్తగారు రాజ్యలక్ష్మి దగ్గర వైన్ మాట ఎత్తే వీల్లేదు గనుక షిరిడీ అని చెప్పారు. నగర్‌సోల్ దాకా రైలు, అక్కణ్నించి కారు. షిరిడీకైనా నాసిక్‌కైనా అక్కడ దిగొచ్చు. అబద్ధం బాగా కుదిరిందని ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడు నెలల్లో అదే మొదటి నవ్వు.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు సీట్ల నంబర్ల కోసం ఉషశ్రీ అతని ఫోన్‌లో టికెట్ తెరిచింది. అందులో మూడు పేర్లున్నాయి. మూడోది రాజ్యలక్ష్మిది.

అమ్మ వస్తానంది, కాదంటే బాగుంటుందా అన్నాడు కిరీటి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. తోట సంగతి మరోసారి చూద్దామన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. రాజ్యలక్ష్మి ప్రయాణానికని కారప్పూస పిండి కలుపుతోంది. ఉషశ్రీ పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తోట, వైన్, అబద్ధం, అన్నీ.

రాజ్యలక్ష్మి వేళ్లకంటిన పిండిని గిన్నె అంచుకు రాసింది.

"బాబా పేరు చెప్పి తాగడానికా? బానే ఉంది మీ భక్తి," అంది. మళ్లీ పిండి కలపబోయి ఆగింది. "అయినా నేనెప్పుడు వస్తానన్నానమ్మా? ఈ మోకాళ్లతో గన్నవరం వెళ్లి రావడమే గగనం. వాడే రమ్మన్నాడు. నువ్వు రాకపోతే నేనూ వెళ్లనన్నాడు."

ఉషశ్రీ హాల్లోకి వచ్చింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగి అతన్ని కూర్చోమంది. ఎదురుగా తను కూర్చుంది.

"నాతో ఒక్కరే రావడానికి భయమేంటండీ మీకు?"

బల్ల మీద నీళ్ల గ్లాసు ఉంది. కిరీటి దాన్ని అటూ ఇటూ జరిపాడు.

"అక్కడ కూర్చున్నాక అడుగుతావని."

"ఏమని?"

"ఆ రోజు ఫోన్ ఎందుకెత్తలేదని."

ఆ రోజు ఆమె తొమ్మిదిసార్లు చేసింది. రాజ్యలక్ష్మి అప్పుడు మంగళగిరిలో కూతురి దగ్గర ఉంది. చివరికి ఉషశ్రీ ఒక్కతే ఆటోలో ఆసుపత్రికి వెళ్లింది. మీటింగులో ఉన్నానని తర్వాత అతను చెప్పాడు. ఆమె నమ్మింది. ఈ ఏడు నెలల్లో ఆ ప్రశ్న ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

"నాసిక్ దాకా ఎందుకు," అంది ఉషశ్రీ. "ఇక్కడే చెప్పండి."