గుమ్మం బయట విప్పిన బూట్లు

అమెరికాలోని ట్రాయ్‌లో కూతురు విమలకుమారి అద్దెకుంటున్న ఇంటికి యజమాని ఓట్టో అనే ముసలి జర్మను. 1979 చలికాలంలో ఒక ఆదివారం తమవాళ్ల సభ ఉందనీ, కాఫీకి రమ్మనీ కూతుర్ని చూడవచ్చిన దైవాశీర్వాదాన్ని పిలిచాడు. అల్లుడు సుందర్ రాజ్ కార్లో తీసుకెళ్లాడు.

హాలు గుమ్మంలో దైవాశీర్వాదం అలవాటు కొద్దీ బూట్లు విప్పేశాడు. గూడూరు దగ్గర ఒక జర్మను మిషనరీ దొర బంగళాలో తన నాన్న తోటమాలిగా ఉండేవాడు. ఆ వరండా ఎక్కాలంటే చెప్పులు కిందే వదలాలి.

లోపల గోడకు ఆఫ్రికా పటం. నాలుగు చోట్ల ఎర్ర రంగు పూసి ఉంది. తలలు నెరిసిన మగవాళ్లు లేచి, దానివైపు తిరిగి, గట్టిగా పాడారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పోగొట్టుకున్న దేశాలవి, మళ్లీ తమకే రావాలని వీళ్ల పట్టుదల అని అల్లుడు చెవిలో చెప్పాడు. "నవ్వొచ్చినా నవ్వకండి మామయ్యా."

నవ్వెక్కడిది. తలుపు దగ్గర ఇద్దరు బలిష్ఠులు దారికడ్డంగా నిలబడి ఉన్నారు.

ఓట్టో పటానికి కర్ర ఆనించి, అక్కడే పుట్టానన్నాడు. ఆ కర్రే తిప్పి దైవాశీర్వాదం మేజోళ్లను చూపించాడు. వీళ్ల నాన్న మన దొర దగ్గర తోటమాలట, ఎవరూ చెప్పకుండానే విప్పాడు చూడండి, మన దొరతనం ఎరిగినవాళ్లు మనల్ని మరచిపోలేదు, ఆఫ్రికాలోనూ ఇలాగే ఎదురుచూస్తున్నారు అన్నాడు. ఆ మాటలు అల్లుడు తెలుగులో చెవిన వేశాడు. చప్పట్లు మోగాయి. నిజమేనని నువ్వే చెప్పు అంటూ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తల ఊపండి, చాలు." అన్నాడు సుందర్ రాజ్ మెల్లగా. "ఈ మంచులో ఇల్లు ఖాళీ చేయమంటే పిల్లల్తో ఎక్కడికి పోతాం?"

తమ గూడూరు ఆ పటంలోనే లేదు. అయినా తను తల ఊపితే ఆ ఎర్ర రంగు కింద ఉన్నవాళ్లందరి తరఫునా ఊపినట్టే. వాళ్ల ముఖాలు అతనెరగడు. ఎండలో, వరండా కింద, బొబ్బలెక్కిన నాన్న కాళ్లు ఎరుగును.

లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. ఆ ఇద్దరూ కదల్లేదు. వాళ్ల మధ్య నుంచే వంగి బూట్లు అందుకున్నాడు. తాళ్లు ముడివేయకుండానే తొడుక్కుని, లోపలికొచ్చి, తన కుర్చీలోనే కూర్చున్నాడు.

"మా నాన్న ఇష్టపడి విప్పలేదు బాబూ. విప్పకపోతే కొట్టేవాళ్లు. చెప్పు వీళ్లకి."

సుందర్ రాజ్ ఓట్టో చేతిలోని కర్రను చూశాడు. తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు, ఒక్క మాటా తగ్గించకుండా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓట్టో కర్ర తలుపువైపు తిరిగింది. ఆ ఇద్దరూ పక్కకు జరిగారు.

కార్లో కూర్చుని అల్లుడు తాళం చెవి తిప్పాడు.

"రేపటినుంచి ఇల్లు వెతకాలి మామయ్యా," అన్నాడు.

దైవాశీర్వాదం వంగి బూట్ల తాళ్లు బిగించి ముడివేసుకున్నాడు.