నా వంతు వేడినీళ్ళు

"వేడి పంపు తిప్పకు, ట్యాంకు ఖాళీ అయిపోతుంది." మా ఇంట్లో రోజూ నాకు వినిపించే సుప్రభాతం ఇది. నేను బాత్రూం తలుపు వేసుకోబోతుంటే దుప్పట్లోంచి రఘువీర్ గొంతు వస్తుంది. మనిషి కళ్ళు కూడా తెరవడు. పెళ్ళిరోజు మర్చిపోతాడు, పాలు తెమ్మంటే మర్చిపోతాడు, ఈ మాట మాత్రం నిద్రలో కూడా మర్చిపోడు.

అమెరికాలో, చికాగో పక్కన నేపర్‌విల్‌లో మాది అద్దె ఫ్లాట్. హాలు చివర చిన్న గూడులాంటి గదిలో కరెంటుతో పనిచేసే వాటర్ హీటర్ ఉంది. గంటగంటకీ ధర మారే కరెంటు ప్లాన్‌లోకి మారాక రఘు అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళని ఒప్పించి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ హీటర్‌కి ఒక టైమర్ పెట్టించాడు. కరెంటు చౌకగా ఉండే రాత్రివేళ నీళ్ళు కాగుతాయి. తెల్లవారేసరికి హీటర్ ఆగిపోతుంది. మళ్ళీ రాత్రిదాకా ఆ ట్యాంకులో ఉన్న నీళ్ళే దిక్కు. ట్యాంకు చూస్తే చిన్నది. టైమర్‌ని నడిపే యాప్ రఘు ఫోన్‌లో మాత్రమే ఉంది. "నన్నూ యాడ్ చెయ్యి" అంటే, "నీకెందుకు త్రివేణీ, ఏదో నొక్కేసి సెట్టింగ్సన్నీ పాడుచేస్తావ్" అన్నాడు. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరెవరో పాడుచేసిన సెట్టింగ్స్ పట్టుకోవడమే నా ఉద్యోగం. ఏం చెప్పుకోను!

డిష్‌వాషరూ, వాషింగ్ మెషీనూ కూడా చౌక కరెంటులోనే నడవాలని రఘు పట్టుదల. అంటే అందరూ పడుకున్నాక గిన్నెలు సర్దేదీ నేనే, బట్టలు తీసి మడతపెట్టేదీ నేనే. "మెషీనేగా చేసేది" అంటాడు. మెషీన్ మడతలు పెట్టడం నేనింకా చూడలేదు.

ఇదంతా ఒక ఎత్తు, అత్తయ్య వచ్చాక మరో ఎత్తు. స్నానం చెయ్యకుండా పొయ్యి ముట్టుకుంటే ఆవిడకి గిట్టదు. "స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళమ్మా, అంతకుమించి నిన్నేమీ అడగను" అన్నారు దిగిన మర్నాడే. దాంతో ఇంట్లో అందరికన్నా ముందు స్నానం చెయ్యాల్సింది నేనయ్యాను. కానీ వేడినీళ్ళు మాత్రం ట్రైన్‌కి వెళ్ళే మనిషి కాబట్టి రఘుకి, స్కూలుకి వెళ్ళే పిల్ల కాబట్టి ఆద్యకి, పెద్దావిడ కాబట్టి అత్తయ్యకి. ఇంట్లో కూర్చుని పనిచేసేదానికి చలి వెయ్యదని ఎవరు తేల్చారో నాకు తెలియదు. నవంబరు నెలలో, బయట కార్ల అద్దాలమీద మంచు పేరుకుని ఉండగా, టబ్బులో బకెట్ పెట్టుకుని చన్నీళ్ళు పోసుకునేదాన్ని. మొదటి చెంబు పడగానే ఊపిరి గొంతులోనే ఆగిపోయేది. తరవాత ఆద్యకి జుట్టు దువ్వబోతే, "అమ్మా, నీ హ్యాండ్స్ సో కోల్డ్! డోంట్ టచ్ మీ" అని దూరంగా జరిగేది.

"కార్తీకమాసంలో చన్నీళ్ళ స్నానం ఎంత పుణ్యమో! మా కోడలిది అదృష్టం" అని అత్తయ్య ఇండియాకి ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆవిడ మాత్రం కీళ్ళనొప్పులని వేడినీళ్ళే పోసుకుంటారు. ఇంటిల్లిపాది పుణ్యం నా ఒక్కదాని నెత్తిన పడిందన్నమాట.

అప్పటికే నా కుడిభుజం పట్టేసి ఉంది. చెయ్యి చెవిదాకా లేవదు. జడ వేసుకోవాలంటే ఆద్యని బతిమాలుకోవాలి. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, పొద్దున్నే భుజంమీద బాగా వేడినీళ్ళు పడనిచ్చి అప్పుడు ఎక్సర్‌సైజులు చెయ్యమంది, లేకపోతే చెయ్యి ఇలాగే బిగుసుకుపోతుందని గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి రఘుకి చెప్పాను. "హీటింగ్ ప్యాడ్ ఉందిగా" అన్నాడు. పోనీ పొద్దున కాసేపు హీటర్ ఆన్ చెయ్యమన్నాను. "పీక్ అవర్స్‌లోనా, కరెంటు ఖరీదైన టైమ్‌లో? మొత్తం ఆప్టిమైజేషన్ పోతుంది త్రివేణీ!" నా చెయ్యి పోతుందంటే రాని బాధ ఆ మొహంలో అప్పుడొచ్చింది. ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా నోరు మూసుకుని వెళ్ళి పప్పుకి పోపు వేశాను, ఎడమచేత్తో.

మొన్న ఆదివారం రఘు ఆఫీసు స్నేహితుడు శ్రీధర్, ఆయన భార్య శశికళ భోజనానికి వచ్చారు. నేను పులిహోర గిన్నె తెస్తుంటే రఘు సోఫాలో కూర్చుని శ్రీధర్‌కి యాప్ చూపిస్తున్నాడు. "లాస్ట్ వింటర్ నుంచి రన్ చేస్తున్నా బాస్. బ్యూటీ ఏంటంటే, ఇంట్లో ఎవరికీ డిఫరెన్స్ కూడా తెలీదు."

"నాకు తెలుసు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ తలెత్తి చూశారు.

"నేను రోజూ చన్నీళ్ళు పోసుకుంటాను. అందుకే మిగతావాళ్ళకి తెలీదు."

రఘు గట్టిగా నవ్వాడు. "అమ్మ కోసం కార్తీక స్నానాలు చేస్తోంది లేరా." అత్తయ్య కూడా అందుకున్నారు. "మా కోడలికి ఓపిక ఎక్కువ బాబూ!" శ్రీధర్ మర్యాదకి నవ్వాడు. శశికళ నవ్వలేదు. నా వెనకే వంటింట్లోకి వచ్చి, అప్పడాలకి పై అరలోని పళ్ళెం దించలేక నేను తిప్పలు పడుతుంటే అందుకుంది.

"భుజం ఇలా పెట్టుకుని చన్నీళ్ళేంటక్కా?"

"హీటర్ ఆయన చేతిలో ఉంది."

"హీటర్ సరే. పంపు ఎవరి చేతిలో ఉంది?" అంది.

వాళ్ళు వెళ్ళాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అవును, రఘు టైమర్ పెట్టింది హీటర్‌కి. పంపుకి తాళం ఏమీ లేదు. దుప్పట్లోంచి వచ్చే ఒక్క మాటకి నేను ఇన్నాళ్ళూ వణుకుతూ కూర్చున్నాను. నామీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు కార్తీక సోమవారం. తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాను. "వేడి పంపు తిప్పకు" అంది దుప్పటి.

తిప్పాను. బకెట్ పక్కకి తోసేసి షవర్ కింద నిలబడ్డాను. అబ్బ! భుజంమీద వేడినీళ్ళు పడుతుంటే ఏడుపొచ్చేసింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. తరవాత ఫిజియో అమ్మాయి చెప్పినట్టు వేళ్ళని గోడమీద మెల్లగా పైకి పాకించాను. నొప్పి పుట్టింది, అయినా చెయ్యి చెవి దాటింది.

తలుపు దబదబా మోగింది. "త్రివేణీ! ఏం చేస్తున్నావ్ లోపల? నాకు ట్రైన్ ఉంది!"

"స్నానం" అన్నాను. నీళ్ళు చల్లబడేదాకా కదలలేదు.

నేను బయటికొచ్చాక రఘు వెళ్ళాడు. "అమ్మో!" అని ఒక్క కేక. అత్తయ్య కంగారుగా పరిగెత్తుకొచ్చారు. "ఏమైందిరా?" "ఐస్‌లా ఉన్నాయమ్మా నీళ్ళు!" నడుముకి తువ్వాలు, చెవిమీద సబ్బు నురగతో రఘు బయటికొచ్చి ఫోన్ అందుకున్నాడు. ఒక్క నొక్కు నొక్కాడు. హీటర్ గదిలో సన్నగా చప్పుడు మొదలైంది.

ఒక్క నొక్కు! నా చెయ్యి బిగుసుకుపోతుందన్నా పడని ఆ నొక్కు, తన వీపుకి చలి తగలగానే ఇట్టే పడింది.

"పీక్ అవర్స్ కదా రఘూ" అన్నాను.

"మరి నా స్నానం ఎలాగమ్మా?" అన్నారు అత్తయ్య బిక్కమొహంతో.

"కాసేపు ఆగండి అత్తయ్యా, కాగుతాయి. మీ అబ్బాయి ఇప్పుడే ఆన్ చేశాడు. లేదూ పుణ్యం కావాలంటే చన్నీళ్ళ పంపు పక్కనే ఉంది."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. రఘు చెవి తుడుచుకుంటూ రాజీకొచ్చాడు. "సరే, రేపటి నుంచి ముందు నేను చేసేస్తా. తరవాత నువ్వు ఎంతసేపైనా చేసుకో."

"కుదరదు" అన్నాను కాఫీకి నీళ్ళు పెడుతూ. "స్నానం చెయ్యకుండా నేను పొయ్యి ముట్టుకోకూడదు. మీ అమ్మగారి నియమం. నీకు కాఫీ కావాలంటే ముందు స్నానం నాదే రఘూ, వేడినీళ్ళూ నావే."