నెమ్మదిగా వెళ్లిన బండి

ముందు వాసన వచ్చింది.

ఉప్పు వాసన. తడి ఇసుక వాసన. ఎక్కడో ఎండుతున్న నాచు వాసన.

సముద్రం ఇంకా కనబడలేదు. కానీ బొగ్గు లేచి కూర్చుంది. బండి కిటికీలోంచి మూతి బయటపెట్టి, చెవులు వదిలేసి, గాలిని తాగుతోంది.

బొగ్గు ఆయన కుక్క. నల్లగా నిగనిగలాడేది గనక ఆ పేరు. ఇప్పుడు మూతి చుట్టూ తెల్లబడింది. బొగ్గువి కాస్తా బూడిదవుతున్నావే అంటాడాయన. అది తోక ఊపుతుంది. పొగిడాడనుకుంటుంది.

ఆయన అంబులెన్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు, ఎవరి ప్రాణమో వెనకాల పడుకోబెట్టుకుని, రోడ్లను చీల్చుకుంటూ పోయిన మనిషి. రిటైరయ్యాక, ఆసుపత్రి మూలన పడేసిన పాత బండిని తనే తెచ్చుకున్నాడు. స్ట్రెచర్ ఉన్నచోట మంచం బిగించాడు. సెలైన్ సీసా వేలాడిన కొక్కేనికి తువ్వాలు తగిలించాడు. ఓ చిన్న స్టవ్వు, రెండు గిన్నెలు... ఒకటి తనది, ఒకటి బొగ్గుది. పైన నీలం రంగు వేశాడు గానీ, ఎండ పడితే దాని అడుగున పాత ఎర్ర అక్షరాలు ఇంకా తొంగిచూస్తాయి.

సముద్రం దాకా రెండు గంటల దారి.

ఆయన మూడు రోజులుగా వెళ్తున్నాడు.

చెట్టు కనబడితే ఆగాడు. నీడ కనబడితే ఆగాడు. బొగ్గు మూలిగితే ఆగాడు. మూలగకపోతే, ఎందుకు మూలగడం లేదా అని ఆగాడు. వెనక లారీలు హారన్లు మోగించాయి. ఓ లారీ డ్రైవరు పక్కకొచ్చి, నత్తకు నడక నేర్పిస్తున్నావా పెద్దాయనా అని అడిగి పోయాడు.

ఆయన నవ్వాడు. ఇంకా నెమ్మదించాడు.

దారి చివర ఉన్నది సముద్రం ఒక్కటే కాదు.

దారి చివర సిస్టరమ్మ ఇల్లుంది.

సిస్టరమ్మ నర్సు. ఇరవై ఏళ్లు అదే బండిలో, ఆయన వెనకాల, ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి. ఇప్పుడు తీరాన ఒక్కతే ఉంటోంది. కంటి నరం ఎండిపోతోంది, ఈ నెల దాటితే స్టీరింగు ముట్టుకోవద్దు అని డాక్టరు తనకు చెప్పిన రోజే ఆయన ఆమెకు ఫోన్ చేశాడు. ఇకమీదట తమ్ముడింట్లో ఉండాలన్నాడు. అయిదో అంతస్తన్నాడు. అక్కడ కుక్కల్ని రానివ్వరన్నాడు. అన్నీ చెప్పాడు గానీ, అడగాల్సింది అడగడానికి నోరు రాలేదు.

ఆమే అంది, బొగ్గును నాకిచ్చెయ్యన్నా అని.

మలుపు తిరిగింది బండి.

సముద్రం.

బొగ్గు జన్మలో మొదటిసారి చూసింది. ఒడ్డుకు పరిగెత్తి అలను చూసి మొరిగింది. అల వెనక్కి పోయింది. తానే తరిమేశాననుకుని, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది — చూశావా అన్నట్టు. ఈలోగా ఇంకో అల వచ్చి నిలువునా ముంచేసింది. దులుపుకుంది. మళ్లీ మొరిగింది. మళ్లీ తడిసింది.

ఆయన మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

మూడు రోజులుగా ఆయనకు ఒకటే కోరిక. అది నా కోసం బెంగపడకూడదు. అన్నం మానకూడదు. గుమ్మంలో కూర్చుని దారి చూడకూడదు.

వచ్చిన ప్రతి అలకూ అదే చెప్పుకున్నాడు.

సిస్టరమ్మ గేటు తీసి నిలబడింది. జుట్టంతా నెరిసింది. చూపు మాత్రం అప్పటిదే, నాడి చూసే చూపు. బండి లోపలికి వచ్చి ఆగింది. ఇక అది కూడా ఇక్కడే ఉంటుంది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి ఆయన అప్పగింతలు మొదలుపెట్టాడు. దీనికి ఎముకలు వెయ్యొద్దు. ఉరుములకు భయం, అప్పుడు ఎడమ చెవి వెనక నిమరాలి. అన్నం చల్లారబెట్టి పెట్టాలి. చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఆమె తెలియనట్టే విన్నది.

చివరికి మెల్లగా అంది.

"ఇరవై ఏళ్లు నీ బండిలో తిరిగాను డ్రైవరన్నా. ఒక్కరోజు కూడా ఇంత ఆలస్యంగా రాలేదు నువ్వు."

"అప్పుడు వెనకాల ప్రాణం ఉండేదమ్మా. తొందరగా చేర్చాలి." ఆయన బొగ్గు వైపు చూశాడు. "ఇప్పుడూ ఉంది. చేర్చబుద్ధి కాలేదు."

ఆమె కిందికి వంగి, బొగ్గును పిలిచింది.

బొగ్గు ఆమె చెయ్యి వాసన చూసింది. పెరట్లో కోడి ఏదో కదిలింది. చెవులు నిక్కబొడుచుకుంది. తోక ఊపుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది.

వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక్కసారైనా.

ఆయన కోరుకున్నదే జరిగింది. అక్షరాలా జరిగింది. మరి లోపల ఈ కోత ఏమిటి... గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పెరటి వైపు నుంచి సంబరంగా ఒక మొరుగు వినబడింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది.

పిలవలేదు.

నాలుగింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కుర్రాడిలా దూసుకుపోతోంది. తానూ బొగ్గూ ఆగిన చెట్టు వెనక్కి పోయింది. ఆగిన నీడ వెనక్కి పోయింది. మూడు రోజుల దారిని బస్సు రెండు గంటల్లో మింగేస్తుంది. కొంచెం నెమ్మదిగా పోనివ్వు నాయనా అందామనుకున్నాడు.

ఏమని చెప్పి అడగాలి?

సముద్రం ఎప్పుడో కనుమరుగైంది.

గాలి మాత్రం ఇంకా ఉప్పగానే ఉంది. ఎంతదాకా వస్తుందో... ఆయన ముఖం కిటికీ బయటపెట్టి, కళ్లు మూసుకుని, పీల్చుకుంటూ కూర్చున్నాడు.